కొండకోట ముంగిట బొమ్మల సైన్యం

నవరాత్రులలో బొమ్మల కొలువు తీర్చే ఆచారం మన పెద్దలందరికీ సుపరిచితమే. మెట్లపై దేవతామూర్తులు కొలువుదీరగా, క్రింద నేలపై పిల్లలు మట్టితో కొండను కట్టి, గింజలు చల్లి పచ్చిక మొలిపించి, అద్దపు ముక్కతో చెరువును కల్పిస్తారు. ఆ చిన్ని లోకంలో చరిత్ర ఘట్టాన్ని నిలిపితే, దానినే పాశ్చాత్యులు 'డయోరమా' అంటారు. 1822లో పారిస్ నగరంలో డాగెర్ తాను ప్రదర్శించిన వెలుగునీడల చిత్రాలకు పెట్టిన ఈ పేరు, కాలక్రమంలో ఇట్టి నమూనాలకు సంక్రమించింది.

ఇందులో పాత్రధారులు బొమ్మ సైనికులు. 18వ శతాబ్దంలో జర్మనీలోని నూరెంబర్గు పనివారు తగరంతో పలుచని సైనికులను పోతపోశారు. 1893లో లండనులోని బ్రిటన్ అనే కుటుంబ సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు బొమ్మలను తయారుచేసి, వాటిని సామాన్యుల ఇండ్లకు చేర్చింది. 54 మిల్లీమీటర్ల ఎత్తు నాటినుండి ఒక ప్రమాణంగా స్థిరపడింది. నేడు వాటిని సేకరించేవారు ప్రపంచమంతటా ఉన్నారు.

అయితే బొమ్మను ఎక్కడ నిలపాలన్నది ఆటకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఆంగ్ల సైనికాధికారి విలియం సైబోర్న్ వాటర్లూ యుద్ధభూమిని నెలల తరబడి కొలిచి, దాదాపు 75,000 చిన్న తగరపు బొమ్మలతో ఒక మహానమూనాను నిర్మించి 1838లో ప్రదర్శించాడు. విజయవేళ ప్రష్యన్ సేన రణరంగంలో ఎంతవరకు వచ్చిందన్న విషయమై వివాదం చెలరేగింది. ఆ సేనను అంత ప్రముఖంగా చూపడం వెల్లింగ్టన్ పక్షానికి రుచించలేదు. చివరకు సైబోర్న్ ప్రష్యన్ బొమ్మలను పెద్ద సంఖ్యలో తొలగించవలసి వచ్చింది. బొమ్మలను తీసివేస్తే, చూచేవారి మనస్సులో విజయపు వాటా కూడ మారిపోతుంది!

ఈ పాఠాన్ని మన ప్రాంతానికి అన్వయించి చూద్దాం. 1791లో మూడవ మైసూరు యుద్ధం మన ముంగిటనే జరిగింది. జూలైలో హోసూరు, రాయకోట దుర్గాలు కంపెనీ సేనల వశమయ్యాయి. నవంబరు 7వ తేదీ రాత్రి కల్నల్ మాక్స్‌వెల్ కృష్ణగిరిపై దాడి చేశాడు. పేట, దిగువకోట పట్టుబడ్డాయి. కాని ఎగువకోటకు నిచ్చెనలు వేయబోగా, పైనున్న టిప్పు సైనికులు బండరాళ్ళను దొర్లించారు. నిచ్చెనలు విరిగాయి, మనుషులు నలిగిపోయారు, దాడి విఫలమైంది. ఆ కొండ యుద్ధంలో లొంగలేదు. 1792 నాటి శ్రీరంగపట్నం సంధితోనే బారామహల్‌తో పాటు కంపెనీకి దక్కింది.

ఈ ఘట్టాన్ని 54 మిల్లీమీటర్ల బొమ్మలతో నిర్మించాలంటే కొలతను 32వ వంతుకు తగ్గించాలి. అప్పుడు 320 అడుగుల ఎత్తు 10 అడుగులవుతుంది. కొండ మొత్తం గదిలో ఇమడదు. కాబట్టి ఒక బండచరియ, ఒక బురుజు, రెండు నిచ్చెనలు ఎంచుకొంటే చాలు. పనికి బంకమట్టి, రంపపు పొట్టు, కాగితపు గుజ్జు సరిపోతాయి.

అసలు ప్రశ్న అటుపిమ్మట వస్తుంది: ఎవరిని నిలపాలి? మనకు సులభంగా లభించే వర్ణనలలో అధిక భాగం కంపెనీ అధికారులు వ్రాసినవే. వాటినే అనుసరిస్తే ఎర్రకోట్ల దొరలు ముందు నిలుస్తారు, కొండపైని వారు పేరులేని నీడలవుతారు. కంపెనీ సేనలోనూ ఎక్కువమంది ఈ దేశపు సిపాయిలే. సిపాయిలకు బెంగాలులో 'తెలంగా'లనే పేరు వచ్చిందంటే మనవారి పాత్ర ఎంతటిదో ఊహించవచ్చు. ఆ యుద్ధంలో ఎద్దులపై ధాన్యం మోసి సేనలను పోషించిన బంజారాలున్నారు. ఉభయ సైన్యాల నడుమ చిక్కిన పల్లెల రైతులున్నారు. వీరికి చోటులేని నమూనా ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే.

ఈ న్యాయం మన పూర్వులకు తెలుసు. కృష్ణగిరి పరిసరాల పొలిమేరలలో నిలిచిన వీరగల్లులను చూడండి. ఆలమందలను కాపాడుతూ నేలకొరిగిన సామాన్య వీరుడు ఆ రాతిపై ఆయుధంతో కనిపిస్తాడు. రాజు కాకపోయినా అతనికి శిలపై స్థానం దక్కింది. శతాబ్దాల క్రితమే ఈ నేల నిర్మించుకొన్న చరిత్ర దృశ్యాలవి.

డెబ్బది ఐదు వసంతాలు నిండిన మన పాఠశాలలో, ప్రతి తరగతి ఏటా ఒక స్థానిక ఘట్టాన్ని ఇట్లు నిర్మించగలిగితే ఎంత బాగుండును! కోటను కొలవడం గణితం, మట్టిని మలచడం శిల్పం, తాతలను అడిగి తెలుసుకోవడం చరిత్ర, దానిని మాతృభాషలో వివరించడం తెలుగు. పేరు మాసిన ఒక్క మనిషిని మన పిల్లలు తిరిగి నిలబెట్టగలిగినా, ఆ బొమ్మల కొలువు సార్థకమైనట్లే.