ముందొచ్చిన కత్తి, వెనకొచ్చిన కథ

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అని సరస్సు ఒడ్డున ఓ చిన్న ఊరు. 1970లలో అక్కడ గ్యారీ గైగాక్స్ అనే ఆటల పిచ్చి ఉన్న పెద్దమనిషి తన ఇంట్లో పిల్లలతో, స్నేహితులతో ఓ కొత్త ఆట ఆడిస్తుండేవారు. ఆటలో చేరినవాళ్లు తమ పాత్ర వివరాలు కాగితం మీద రాసుకోవాలి. గైగాక్స్ కొడుకు ల్యూక్ అప్పటికి చిన్నపిల్లాడు. తన పాత్ర మగవాడని తెలిసేలా ‘ఎం’ అని, జాతి గడిలో ‘ఎల్ఫ్’ అని రాశాడు. పేరు పెట్టడం మరిచాడు. రెండూ కలిపి చదివితే ‘మెల్ఫ్’ అయింది. అదే పేరుగా స్థిరపడిపోయింది. ఈ మెల్ఫ్ ఎవరి బిడ్డ, ఏ ఊరివాడు, ఎందుకు సాహసానికి బయల్దేరాడు అని ఆ బల్ల దగ్గర ఎవరూ అడగలేదు. అయినా అతని పేరు మీద వెలసిన ఆమ్లబాణం మంత్రాన్ని ఆటగాళ్లు ఇప్పటికీ ప్రయోగిస్తున్నారు.

ఆ ఆటే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్లు ఒక్కో పాత్రగా మాట్లాడతారు, నిర్ణయాలు తీసుకుంటారు. తెగించి చేసిన పని ఫలిస్తుందో లేదో పాచికలు చెబుతాయి. ఇప్పుడు ఈ ఆటకు కూర్చునేవాళ్లలో చాలామంది తమ పాత్రకు తల్లిదండ్రులు, చిన్ననాటి గాయం, తీరని అప్పు, దాచుకున్న రహస్యం అన్నీ ముందే సిద్ధం చేసుకొస్తారు. మొదట్లో ఒక్క వాక్యం కూడా లేని గతం ఇప్పుడు పేజీలకు పేజీలు ఎలా పెరిగింది? ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, కత్తి తర్వాత వచ్చిన కథ ఆ కత్తినే మించిపోయిన వైనం ఇది.

నియమాల్లేని కథ, కథలేని నియమాలు

నిజానికి బొమ్మకు గుణం అంటగట్టి ఆడుకోవడం చాలా పాత అలవాటు. 1826 జూన్‌లో ఇంగ్లండ్‌లోని హావర్త్‌లో పాట్రిక్ బ్రాంటీ అనే మతాచార్యుడు కొడుకు బ్రాన్‌వెల్ కోసం పన్నెండు కొయ్య సైనికులను తెచ్చారు. పిల్లలు నలుగురూ తలా ఒకటి ఎంచుకున్నారు. షార్లెట్ తన బొమ్మను వెల్లింగ్టన్ ప్రభువు అంది. బ్రాన్‌వెల్ తన దానికి బోనపార్టీ అని పేరు పెట్టాడు. ఎమిలీ బొమ్మది బిగదీసుకున్న ముఖం. అందుకని దాన్ని ‘గ్రేవీ’ అన్నారు. ఆ సైనికుల కోసం గ్లాస్ టౌన్ అనే నగరం కట్టారు, పత్రికలు నడిపారు, బొమ్మల చేతికి సరిపోయేంత చిట్టి పుస్తకాలు సొంత చేతులతో రాశారు. ఆ ఊహాలోకంలో పుట్టిన పాత్రలతో వాళ్లు పెద్దయ్యాక కూడా గడిపారు. తర్వాత షార్లెట్ ‘జేన్ ఐర్’, ఎమిలీ ‘వుదరింగ్ హైట్స్’ రాశారు. ఇక్కడ కథ నిండుగా ఉంది. నియమాలు లేవు.

అదే కాలంలో దీనికి సరిగ్గా ఎదురు దిక్కున ఇంకో ఆట పెరిగింది. ప్రష్యాలో రైస్‌విట్జ్ తండ్రీకొడుకులు తీర్చిదిద్దిన యుద్ధక్రీడ 1824 నాటికి అక్కడి సైనికాధికారుల శిక్షణలోకి వచ్చింది. పటం, పాచికలు, నష్టాల లెక్కలు, తీర్పు చెప్పే మధ్యవర్తి అన్నీ ఉన్నాయి. లేనిది మనిషి. పటం మీది దళానికి పేరు ఉండదు, భయం ఉండదు, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు ఉండరు. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ పేరిట ఇలాంటి ఆటను ఇళ్లలోకి తెచ్చినా అది దళాల ఆటగానే మిగిలింది.

ఈ రెండు దారులూ కలిసిన చోటు అమెరికాలోని మినసోటా. 1960ల చివర అక్కడి జంట నగరాల్లో డేవిడ్ వెస్లీ అనే యుద్ధక్రీడాకారుడు ‘బ్రౌన్‌స్టైన్’ అనే ఆట నడిపారు. నెపోలియన్ కాలం, ఓ కల్పిత జర్మన్ పట్టణం. సేనాపతులతో పాటు పట్టణ మేయర్, బ్యాంకు యజమాని, విశ్వవిద్యాలయ పెద్ద వంటి పాత్రలను కూడా పంచారు. ఒక్కొక్కరికీ ఓ సొంత కోరిక ఇచ్చారు. యుద్ధం మొదలయ్యేలోపే జనం గుసగుసలకు, బేరాలకు, కుట్రలకు దిగారు. ఆట చేయి దాటిపోయిందని వెస్లీ నిరాశపడ్డారు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు.

అలా వెంటపడ్డవాళ్లలో డేవ్ ఆర్నెసన్ ఒకరు. తర్వాత ఓ లాటిన్ అమెరికా దేశం నేపథ్యంగా జరిగిన ఆటలో ఆయనకు దక్కింది ఓ తిరుగుబాటు విద్యార్థి పాత్ర. ఆయన మాత్రం నకిలీ గుర్తింపు కాగితాలు తయారు చేసుకొచ్చి, తాను అసలు సీఐఏ గూఢచారినని తోటివాళ్లను నమ్మించారు. ఇచ్చిన పాత్రకు ఆటగాడే మరో గతాన్ని అల్లిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. ఆ ఆర్నెసనే 1971లో ‘బ్లాక్‌మూర్’ అనే ఊహాలోకాన్ని నడిపి, ఆ ఆలోచనను గైగాక్స్ దగ్గరకు తీసుకెళ్లారు.

ఆరు అంకెలు, ఓ సంచి

1974 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చయింది. ఓ పెట్టె, అందులో మూడు చిన్న పుస్తకాలు, ధర 10 డాలర్లు, తొలి ముద్రణ 1,000 ప్రతులు. పాత్రంటే అప్పట్లో మూడు పాచికలు ఆరుసార్లు వేస్తే వచ్చే అంకెలు. బలం, తెలివి, వివేకం, దేహదారుఢ్యం, చురుకుదనం, ఆకర్షణ. వచ్చిన అంకెలను బట్టి యోధుడో, మాంత్రికుడో, మతగురువో కావాలి. మళ్లీ పాచికలు వేసి బంగారు నాణేలు లెక్కించుకుని తాడు, కాగడా, కత్తి కొనుక్కోవాలి. అంతే, పాత్ర సిద్ధం.

గుణానికి అందులో ఒక్క గడే ఉంది. న్యాయం, తటస్థత, అరాచకం అనే మూడింట్లో మనం ఏ పక్షమో చెప్పాలి. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ నవలల నుంచి వచ్చిన ఊహ ఇది. 1978 నాటి పుస్తకంలో మంచి, చెడు కూడా చేరి ఈ పక్షాలు తొమ్మిదయ్యాయి. అవి కూడా మనిషి ఎటువైపో చెప్పాయి తప్ప ఎందుకు అటువైపో చెప్పలేదు.

గతం లేకపోవడానికి కారణం బద్ధకం కాదు. తొలి మెట్టు మీదున్న మాంత్రికుడు ఒకే ఒక్క దెబ్బకు చచ్చిపోవచ్చు. ఆదివారం పుట్టిన వీరుడు ఆ సాయంత్రానికే నేలమాళిగలో కన్నుమూస్తే, వాడి తాతముత్తాతల చరిత్ర రాసుకుని ఏం లాభం? బతికి బట్టకట్టినవాడికే కథ. ఆ కథ కూడా ఆటలో జరిగిందే.

గతాన్ని లెక్కగట్టిన ఆటలు

1977లో మార్క్ మిల్లర్ రూపొందించిన ‘ట్రావెలర్’ అనే అంతరిక్ష ఆట ఈ పద్ధతిని తలకిందులు చేసింది. పాత్ర 18 ఏళ్ల వయసులో నౌకాదళంలోనో సైన్యంలోనో వర్తక నౌకలోనో కొలువుకు చేరుతుంది. నాలుగేళ్లకోసారి పాచికలు వేయాలి. పదోన్నతి వచ్చిందా, ఏ విద్య అబ్బింది, అసలు బతికి ఉన్నాడా? అవును, ఆట మొదలుకాకముందే పాత్ర చనిపోవచ్చు. గట్టెక్కినవాడు నలభై ఏళ్ల మాజీ సైనికుడిగా, చేతిలో కాస్త పింఛనుతో, ఒంట్లో మొదలైన వార్ధక్యంతో ఆటలోకి దిగుతాడు. గతం అలంకారంగా కాక, పాత్రకున్న ప్రతి విద్యకూ కారణంగా నిలిచింది ఇక్కడే.

1981లో శాండీ పీటర్సన్ ‘కాల్ ఆఫ్ కతూలూ’ వచ్చింది. కథ 1920ల నాటిది. వీరుల స్థానంలో ఆచార్యులు, విలేఖరులు వచ్చారు. చూడరానివి చూసినప్పుడల్లా వాళ్ల మతిస్థిమితం అంకెల్లో తరిగిపోయేది. అదే ఏడాది వచ్చిన ‘ఛాంపియన్స్’ ఇంకో తలుపు తెరిచింది. పాత్రకు బలహీనత రాసుకుంటే, బదులుగా శక్తులు కొనుక్కోవడానికి పాయింట్లు ఇచ్చింది. వెంటాడే శత్రువు, కాపాడుకోవలసిన ఆప్తుడు కూడా ఆ ఖాతాలోకే వచ్చారు. లోపానికి విలువ కట్టడం గొప్ప ఆలోచనే. కాకపోతే లెక్కల్లో ఆరితేరిన ఆటగాళ్లు ఎప్పటికీ ఎదురుపడని లోపాలు గుప్పెడు రాసుకుని, పాయింట్లు జేబులో వేసుకోవడం కూడా దీంతోనే మొదలైంది.

స్వభావాన్ని ఆటకు గుండెకాయ చేసిన ఘనత గ్రెగ్ స్టాఫర్డ్‌ది. 1985 నాటి ఆయన ‘పెండ్రాగన్’లో ఆటగాళ్లు ఆర్థర్ రాజు కాలపు యోధులు. ప్రతి యోధుడికీ 13 జతల గుణాలు ఉంటాయి. దయ-క్రూరత్వం, వినయం-గర్వం, నమ్మకం-అనుమానం, ఇలా. ఏ జత తీసుకున్నా రెండంకెల మొత్తం 20. ఒకటి పెరిగితే రెండోది తగ్గాలి. ఓడిన శత్రువు మోకరిల్లి ప్రాణభిక్ష అడుగుతాడు. ఆటగాడికి చంపాలనే ఉండొచ్చు, పాత్రలోని దయ అడ్డుపడవచ్చు. పాచిక వేసి చూడాలి. చేసిన పనులను బట్టి అంకెలు మారతాయి. ఏ గుణమైనా 16కు చేరితే లోకం దాన్ని చెప్పుకుంటుంది, కీర్తి పెరుగుతుంది. యోధుడు పెళ్లాడతాడు, ముసలివాడవుతాడు, కొడుకు ఆ కత్తి అందుకుంటాడు. తండ్రి ఆడిన ఆటే కొడుక్కి గతం.

1988లో మైక్ పాండ్‌స్మిత్ ‘సైబర్‌పంక్’ జీవనమార్గం పేరుతో పట్టికలు ఇచ్చింది. కుటుంబానికి ఏమైంది, ఏ ఏడాది ఎవరితో ప్రేమ, ఎవరితో పగ అన్నీ పాచికలే తేల్చాయి. 2020లో వచ్చిన ‘సైబర్‌పంక్ 2077’ వీడియో గేమ్‌కు ఆ ఆటే మూలం. 1991లో మార్క్ రైన్-హాగెన్ ‘వాంపైర్: ద మాస్కరేడ్’ పాత్రకు రెండు ముఖాలు ఇచ్చింది. ఒకటి లోపలి నైజం, రెండోది లోకానికి చూపే తీరు. రక్తపిశాచిగా మారకముందు ఆ మనిషి ఎలా బతికాడన్నది రాసి ఇవ్వడంతో సరిపెట్టలేదు. ఆట నడిపేవారితో కూర్చుని ఆ గతాన్ని ఓ పూర్వరంగంలా ఆడి చూసుకోవచ్చు.

గుసగుసలోంచి పుట్టిన మాంత్రికుడు

నియమాల సంగతి ఇలా ఉంటే, కొన్ని గొప్ప పాత్రలు వాటితో పనిలేకుండా పుట్టాయి. ట్రేసీ హిక్‌మన్, మార్గరెట్ వైస్ 1984లో ‘డ్రాగన్‌లాన్స్’ నవలలు మొదలుపెట్టారు. అందులోని రైస్ట్‌లిన్ అనే మాంత్రికుడి కోసం పాఠకులు పడిచచ్చారు. హిక్‌మన్ ఇంట్లో ఆ కథాలోకపు ఆటను పరీక్షించిన రోజున టెర్రీ ఫిలిప్స్ అనే మిత్రుడికి ఆ పాత్ర దక్కింది. ఆయన గొంతు తగ్గించి, బొంగురు గుసగుసతో మాట్లాడారు. ఆ గొంతు విన్నాకే పాత్ర స్వభావం రచయితలకు తేటపడింది. జబ్బు శరీరం, కవల సోదరుడి మీద ఈసు, అధికార దాహం అన్నీ ఆ గొంతుకు తగ్గట్టు అమిరాయి.

ఆర్.ఎ. సాల్వటోర్ సృష్టించిన డ్రిజ్ట్ కథ కూడా ఇలాంటిదే. నాయకుడి పక్కన మరో పాత్ర కావాలని ప్రచురణకర్తల నుంచి ఫోన్ వస్తే, అప్పటికప్పుడు నోటికొచ్చిన పేరు చెప్పారు. 1988లో నవల వచ్చింది, పక్క పాత్ర అసలు నాయకుణ్ని మించిపోయింది. అతని బాల్యం, అతను వదిలి వచ్చిన క్రూర నగరం 1990 నాటి ‘హోమ్‌ల్యాండ్’లో గానీ పాఠకులకు తెలియలేదు. అక్కడా గతం వెనకే వచ్చింది.

ఇదే కాలంలో అమెరికా తల్లిదండ్రుల్లో కలవరం పుట్టింది. పాత్రలో మునిగిన పిల్లలు తిరిగి బయటకు రాలేరని ప్రచారం సాగింది. 1982లో టామ్ హాంక్స్ నటించిన టీవీ సినిమా ‘మేజెస్ అండ్ మాన్‌స్టర్స్’ కథ ఆ భయం చుట్టూనే తిరుగుతుంది. కాలక్రమంలో ఆ గగ్గోలు చల్లారింది. ఆట మిగిలింది.

నాలుగు గడులు

2014లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పు వెలువడింది. అందులో పాత్రకు ఓ నేపథ్యం తప్పనిసరి. పుస్తకంలో సైనికుడు, నావికుడు, నేరగాడు, సన్యాసి, వీధిబాలుడు వంటి 13 నేపథ్యాలున్నాయి. కాగితం మీద నాలుగు గడులు వచ్చాయి. అలవాట్లు, ఆదర్శం, బంధం, లోపం. తన లోపానికి కట్టుబడి నష్టపోయినవాడికి ఆట నడిపేవారు ఓ అదనపు అవకాశం బహుమతిగా ఇవ్వొచ్చు. మరుసటి ఏడాది ‘క్రిటికల్ రోల్’ అనే కార్యక్రమం మొదలైంది. డబ్బింగ్ కళాకారులు ఈ ఆట ఆడుతుంటే లక్షల మంది చూశారు. 2023లో బెల్జియం సంస్థ లారియన్ తెచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’లో సహచరుల గాయాలు, రహస్యాలే కథను నడిపాయి. 2024 నాటి కొత్త నియమాల్లో బలం, తెలివి వంటి అంకెల్లో ఏది పెరగాలో కూడా నేపథ్యమే చెబుతోంది. యాభై ఏళ్ల కిందట అంకెలే మనిషి. ఇప్పుడు మనిషి గతాన్ని బట్టి అంకెలు.

అంతమాత్రాన పొడుగాటి గతమే గొప్పది అనుకోకూడదు. మన కూచిపూడి భామాకలాపం చూడండి. సత్యభామ తెర మీదుగా జడ వేసి, ప్రవేశ దరువులో తానెవరో తానే చెప్పుకుంటుంది. వంశవృక్షం విప్పదు. తన అందం, తన మీద కృష్ణుడికున్న మక్కువ, అందులోంచి ఉబికే గర్వం మాత్రం చూపిస్తుంది. ఆ గర్వం ఒక్కటి చాలు, కలాపమంతా అందులోంచే నడుస్తుంది. బల్ల చుట్టూ ఆడే పాత్రకూ అంతే. ఇరవై పేజీల జీవితచరిత్ర రాసుకొచ్చినవాడు దాన్ని కాపాడుకోవడానికే ఆడతాడు. కొత్తగా ఏం జరిగినా తన కథకు అడ్డొచ్చినట్టే ఉంటుంది. పక్కవాళ్లు పట్టుకుని లాగడానికి అందులో ఒక్క కొస కూడా దొరకదు.

ఈ ఆట ఆడదలిచినవారైనా, నాటకమో కథో రాయదలిచినవారైనా మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే చాలు. ఈ మనిషికి ఇప్పుడు ఏం కావాలి? ఎవరికి బాకీ పడ్డాడు? ఎక్కడ తప్పకుండా తప్పటడుగు వేస్తాడు? ఒక్కోదానికి రెండేసి వాక్యాలు సరిపోతాయి. మిగతా గతాన్ని ఖాళీగా వదిలేయండి. దాన్ని తోటివాళ్లతో కలిసి ఆడుతూ పూరించుకోవచ్చు.