ది మ్యాన్ హూ కుడ్ వర్క్ మిరాకిల్స్ (చలనచిత్రం)

‘ది మ్యాన్ హూ కుడ్ వర్క్ మిరాకిల్స్’ 1936లో తయారైన బ్రిటిష్ నలుపు తెలుపు చిత్రం. హెచ్.జి. వెల్స్ అదే పేరుతో రాసిన చిన్నకథ దీనికి ఆధారం. అలెగ్జాండర్ కోర్డా నిర్మించగా లోథార్ మెండెస్ దర్శకత్వం వహించాడు. అన్నదల్లా జరిగే శక్తి ఓ సామాన్యుడికి దక్కితే ఏమవుతుందన్నది ఇతివృత్తం.

మూలకథ

కథ 1898లో వెలువడి, మరుసటి ఏడాది ‘టేల్స్ ఆఫ్ స్పేస్ అండ్ టైమ్’ సంపుటిలో చేరింది. ఫాదరింగే అనే గుమాస్తా అద్భుతాలనేవి లేవని వాదిస్తూ, ఎదుటనున్న దీపాన్ని తలకిందులుగా వెలగమంటాడు. అది గాలిలో అలాగే నిలిచి వెలుగుతుంది. కోపంలో ఓ కానిస్టేబుల్‌ను నరకానికి పొమ్మంటే అతను నిజంగానే మాయమవుతాడు. ఫాదరింగే కంగారుపడి అతణ్ణి శాన్‌ఫ్రాన్సిస్కోకు మారుస్తాడు. చివరికి మేడిగ్ అనే మతబోధకుడి ప్రోద్బలంతో, రాత్రిని పొడిగించాలని భూభ్రమణాన్ని ఆపుతాడు. భూమి ఆగినా దానిమీదున్నవి ఆగవు. ఇళ్లూ చెట్లూ మనుషులూ మునుపటి వేగంతోనే ముందుకు ఎగిరిపోతాయి. జడత్వ సూత్రమే ఇక్కడ కథకు మలుపు.

తెరరూపం

చిత్రానువాదాన్ని వెల్స్ పేరిటే ప్రకటించారు. రోలండ్ యంగ్ పోషించిన ఫాదరింగే ఇందులో బట్టల దుకాణంలో పనివాడు. అతని చుట్టూ సలహాదారులు చేరతారు. యజమానికి లాభం కావాలి, మేడిగ్‌కు శాంతియుగం కావాలి. రాల్ఫ్ రిచర్డ్‌సన్ పోషించిన కర్నల్ మాత్రం తన విస్కీ పాడైందనీ, గోడమీది ఆయుధాలు వ్యవసాయ పనిముట్లయ్యాయనీ మండిపడి తుపాకీ ఎక్కుపెడతాడు. ఫాదరింగే ఎంత శక్తిమంతుడైనా ఎదుటివారి మనసును మార్చలేడు. కోరుకున్న అమ్మాయి ప్రేమను ఆజ్ఞాపించి పొందలేడు. చిత్రానికి బలమంతా ఈ పరిమితిలోనే ఉంది.

ఆకాశంలోంచి మనుషులను గమనించే దివ్యవ్యక్తులను వెల్స్ సినిమా కోసం కొత్తగా చేర్చాడు. వారిలో ఒకరిగా జార్జ్ శాండర్స్ కనిపిస్తాడు. ఫాదరింగేకు శక్తినిచ్చింది వీరిలో ఒకడే.

సాంకేతికత, ప్రాధాన్యం

ట్రిక్ దృశ్యాలను నెడ్ మాన్, ఛాయాగ్రహణాన్ని హెరాల్డ్ రాసన్, సంగీతాన్ని మిషా స్పోలియాన్‌స్కీ చూసుకున్నారు. అదే ఏడాది కోర్డా, వెల్స్ కలిసి ‘థింగ్స్ టు కమ్’ కూడా తెచ్చారు. అందులో వెల్స్ మానవాళి భవిష్యత్తును భారీ ఎత్తున ఊహిస్తే, ఇందులో ఒక చిన్న ఊరి హాస్యంతోనే అధికారాన్ని ప్రశ్నించాడు. ప్రపంచ నాయకులను పిలిపించి ఆజ్ఞలు జారీచేసే ఫాదరింగేలో నియంతృత్వపు ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. ఐరోపాలో నియంతలు బలపడుతున్న రోజుల్లో వచ్చిన ఈ చిత్రం, మంచి ఉద్దేశం ఒక్కటే పాలించే అర్హత కాదని చూపించింది.