ముక్కు సాక్ష్యం చెల్లదు

మొగుడు తాగి వచ్చాడా లేదా అన్నది తేల్చుకోవడానికి ఇల్లాలికి ఏ యంత్రమూ అక్కర్లేదు. గుమ్మంలో చెప్పులు విడిచే తీరు చాలు. వక్కపొడి నమిలినా, ఏలకులు నమిలినా దాగని ఆ వాసన చాలు. ఆవిడ కోర్టులో విచారణా వెంటనే, తీర్పూ వెంటనే! కానీ హనుమకొండలోనో, కాజీపేటలోనో రాత్రిపూట బండ్లు ఆపే పోలీసుకు అంత సులువు కాదు. ఆయన ముక్కు చెప్పిన మాట ఒక్కటే న్యాయస్థానంలో నిలవదు. అలా ఎందుకయిందో కాస్త వెనక్కి వెళ్లి చూద్దాం.

1897 సెప్టెంబరులో లండనులో జార్జి స్మిత్ అనే టాక్సీ డ్రైవరు తాగి, బండిని తీసుకెళ్లి ఓ ఇంటి గోడకు కొట్టాడు. నేరం తనే ఒప్పుకున్నాడు గనుక జరిమానాతో కథ ముగిసింది. ఒప్పుకోని వాడి సంగతేమిటి? మన దేశంలో 1939 నాటి మోటారు వాహనాల చట్టం, బండిని అదుపులో పెట్టుకోలేనంతగా తాగి నడపడం నేరమంది. బాగానే ఉంది గానీ, 'అంత' అంటే ఎంత? కొలబద్ద లేదు.

ఈ చిక్కు 1971లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బొంబాయి రాష్ట్రం మహారాష్ట్ర అయ్యాక వచ్చిన కేసు అది. ప్రమాదం చేసిన డ్రైవరు దగ్గర మద్యం వాసన వచ్చిందని, నడక తూలిందని, కంటిపాపలు పెద్దవయ్యాయని డాక్టరు చెప్పాడు. రక్తపరీక్ష నివేదిక మాత్రం కోర్టుకు రాలేదు. ఇంతమాత్రాన అతను తాగి ఉన్నాడని నిశ్చయంగా చెప్పలేమంది కోర్టు. అన్యాయం అనిపిస్తుంది కదూ? కానీ ఆలోచించండి. వాసనను బట్టే శిక్ష వేస్తే ఆరోజు ఘాటైన దగ్గుమందు తాగినవాడు చిక్కుకుంటాడు, ఏలకులు నమిలినవాడు తప్పించుకుంటాడు!

ఊపిరిని కొలిచే బ్రెత్ ఎనలైజర్‌ను అమెరికాలో బోర్కెన్‌స్టయిన్ అనే ఆయన 1954లోనే తయారుచేశాడు. మన 1988 చట్టం మొదట రక్తంలో మద్యం ఎంత కొంచెం ఉన్నా నేరమే అంది. 1994లో సవరించి, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమని లెక్క కట్టింది. 2019 సవరణతో మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

ఆ లెక్క తాగినవాడికే కాదు, పోలీసుకూ పగ్గమే. ఊపిరి ఊదమని అడగాలంటే ఆయన యూనిఫారంలో ఉండాలి, అనుమానానికి సబబైన కారణం ఉండాలి. ఊదనని మొండికేస్తే అరెస్టు చేయవచ్చు. అరెస్టు చేశాక రెండు గంటల్లోగా డాక్టరు చేత పరీక్ష చేయించాలి; లేదా వదిలిపెట్టాలి. పట్టుబడింది స్త్రీ అయి, డాక్టరు పురుషుడైతే, మరో స్త్రీ ఎదుటే రక్తం తీయాలి.

మన ఆడవాళ్లు మద్యాన్ని మూలం దగ్గరే ఆపాలని చూసినవాళ్లు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా ఉద్యమం 1993లో సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని నిషేధింపజేసింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. సీసాను ఆపలేకపోయాక, కనీసం స్టీరింగును ఆపే చట్టమైనా మిగిలింది.

ఆ చట్టం ఇప్పుడు ఇంటి గడప దాకా వచ్చింది. తాగి నడిపాడన్న కారణంతో బండిని పట్టి ఉంచుకోరాదని 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. పక్కన తాగని, లైసెన్సున్న మనిషి ఉంటే బండి ఆయనకివ్వాలి. లేకుంటే బంధువులను పిలవాలి. అంటే అర్ధరాత్రి ఫోను మోగేది మన ఇంట్లోనే! అప్పుడు ఏడ్చి బతిమాలనక్కర్లేదు. అంకె ఎంత వచ్చింది, అరెస్టు ఎన్నింటికి చేశారు, డాక్టరు చూశాడా అని మూడు మాటలు అడగండి చాలు. మిగతా తీర్పు ఇంటికొచ్చాక మీరు ఎలాగూ చెబుతారు. దానికి అప్పీలు లేదు.