డిబేట్ గెలవడం వేరు, పుస్తకం చదవడం వేరు: ముగ్గురు ముస్లిం పండితుల కథ

మన తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు మసీదుకెళ్లేవాళ్లూ చర్చికెళ్లేవాళ్లూ ఒకే బజార్లో కూరగాయలు కొంటారు, ఒకే బస్సెక్కుతారు. ఫోన్ తెరిస్తే మాత్రం వేరే లోకం. "పాస్టర్ నోరు మూయించిన ముస్లిం వక్త" అని ఒక వీడియో, దానికి జవాబుగా ఇంకొకటి. కింద కామెంట్లలో కొట్టుకునేది మనవాళ్లే. ముస్లిం పండితులు క్రైస్తవంతో మాట్లాడటమంటే ఇంతేనా? కాదండీ. ముగ్గురి గురించి చెప్తాను, వినండి.

మొదటాయన రహమతుల్లా కైరానవీ. 1854 ఏప్రిల్ 10, 11 తేదీల్లో ఆగ్రాలో ఈయనకీ, కార్ల్ ఫాండర్ అనే జర్మన్ మిషనరీకీ బహిరంగ వాదన జరిగింది. ఫాండర్ మామూలు మనిషి కాదు. పర్షియన్ తెలుసు, ఇస్లాంకి జవాబుగా 'మీజాన్ అల్ హఖ్' అనే పుస్తకం రాశాడు. వాదనకి ఐదు అంశాలు అనుకున్నారు గానీ, రెండు రోజుల్లో రెండే అయ్యాయి. ఒకటి నస్ఖ్, అంటే తర్వాత వచ్చిన దైవాజ్ఞ ముందున్నదాన్ని రద్దు చేస్తుందా అని. మా సాఫ్ట్‌వేర్ భాషలో కొత్త వెర్షన్ వస్తే పాతది చెల్లుతుందా అన్నట్టు. రెండోది తహ్రీఫ్, అంటే బైబిల్ పాఠం మారిందా అని.

అసలు విశేషం ఇక్కడుంది. కైరానవీ పక్కన వజీర్ ఖాన్ అనే డాక్టర్ ఉన్నాడు. ఆయనకి ఇంగ్లీషు వచ్చు. యూరప్‌లో క్రైస్తవ పండితులే బైబిల్ ప్రతుల మధ్య తేడాల మీద రాసిన పుస్తకాలు సంపాదించి చదివాడు. ఫాండర్‌కి ఇది ఊహించని దెబ్బ. కొన్ని చోట్ల పాఠంలో తేడాలున్నాయని ఒప్పుకుని, మూల బోధ మాత్రం మారలేదన్నాడు. 1857 తిరుగుబాటు తర్వాత కైరానవీ మక్కా వెళ్లిపోయాడు. 1864లో 'ఇజ్‌హార్ అల్ హఖ్' రాశాడు. ఈనాటి డిబేట్లలో వినపడే వాదనలు చాలావరకు ఆ పుస్తకంలోవే.

అదే కాలంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇంకో దారి పట్టాడు. అలీగఢ్ కాలేజీ పెట్టినాయనే. 1862లో ఘాజీపూర్ నుంచి బైబిల్ మీద వ్యాఖ్యానం అచ్చువేయడం మొదలుపెట్టాడు. ఒక ముస్లిం, బైబిల్‌ని తప్పుపట్టడానికి కాకుండా అర్థం చేసుకోవడానికి వ్యాఖ్యానం రాయడం! తహ్రీఫ్ అంటే ముఖ్యంగా అర్థాన్ని వంకరగా చెప్పడమే అని ఆయన వాదన. రెండు వైపులా విమర్శలొచ్చాయి.

ఇక మూడో ఆయన మన హైదరాబాద్ వాడు. ముహమ్మద్ హమీదుల్లా, 1908లో పుట్టాడు, ఉస్మానియాలో చదివి అక్కడే పాఠం చెప్పాడు. 1948లో హైదరాబాద్ సంస్థానం తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందంలో ఉన్నాడు. సంస్థానం భారత్‌లో కలిశాక వెనక్కి రాలేదు, పారిస్‌లోనే దశాబ్దాలు ఉండిపోయాడు. 1959లో ఆయన ఖురాన్ ఫ్రెంచి అనువాదం వచ్చింది. దానికి ముందుమాట రాసిందెవరో తెలుసా అండీ? లూయీ మాసిన్యోఁ. ఇస్లాం మీద పెద్ద పండితుడు, అంతకు తొమ్మిదేళ్ల ముందే క్రైస్తవ గురువుగా అభిషేకం పొందినవాడు!

ఈ మాసిన్యోఁ 1954 నుంచి ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో, గుహలో నిద్రపోయిన ఏడుగురి పేరున్న ఒక పాత ప్రార్థనాలయానికి క్రైస్తవుల యాత్రలో ముస్లింలనీ పిలిచేవాడు. ఎందుకంటే ఆ గుహవాసుల కథే ఖురాన్ 18వ అధ్యాయంలోనూ ఉంది. అలాగని హమీదుల్లా క్రైస్తవుడవలేదు, మాసిన్యోఁ ముస్లిం అవలేదు. త్రిత్వం దగ్గర, సిలువ దగ్గర తేడా తేడాగానే ఉంది. దాన్ని దాచిపెట్టాల్సిన పని వాళ్లకి కలగలేదు.

హైదరాబాద్‌లోనే హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1930లో లాహోర్‌లో క్రైస్తవులు పెట్టిన సంస్థ, 1971లో ఇక్కడికొచ్చింది. ముస్లింలలో సువార్త పని కోసం మొదలై, తర్వాత సంభాషణ, సయోధ్య వైపు మళ్లింది. అంటే మారింది ఒక్క వైపే కాదు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికొద్దాం. ఖురాన్ 19వ అధ్యాయం పేరు మర్యం, అంటే యేసు తల్లి మరియమ్మ పేరే. ఈ సంగతి మన చర్చిల్లో ఎంతమందికి తెలుసు? కొండమీద ప్రసంగం మొత్తం చదివిన ముస్లిం కుర్రాళ్లు ఎంతమంది? రెండు పుస్తకాలూ తెలుగులో దొరుకుతున్నాయండీ. డిబేట్ క్లిప్ ఫార్వర్డ్ చేసేముందు, అందులో చెప్పిన వాక్యం ముందూ వెనకా ఒక్క పేజీ చదవండి. చదివాక కూడా ఒప్పుకోకపోతే ఒప్పుకోవద్దు. కానీ అప్పుడు మీ పక్కింటాయన్ని అడగడానికి మీ దగ్గర నిజమైన ప్రశ్న ఒకటుంటుంది.