పది నిమిషాల టాకు, ఎనిమిది పేజీల పేపరు

కాన్ఫరెన్సులో పది నిమిషాల స్లాట్ ఇస్తే మనం ఏం చేస్తాం? ముప్ఫై స్లైడ్లు పట్టుకెళ్తాం, పన్నెండో దాని దగ్గర బెల్లు మోగుతుంది, "మిగతావి ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం" అని దిగిపోతాం. 1904 ఆగస్టులో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో మూడో అంతర్జాతీయ గణిత మహాసభ జరిగింది. లుడ్విగ్ ప్రాంట్ల్ అనే 29 ఏళ్ల కుర్ర ప్రొఫెసరుకి అక్కడ దొరికింది కూడా ఆ పది నిమిషాలే. అంత చిన్న టాకు ఎందుకు పనికొచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1752లో దాలంబేర్ అనే ఫ్రెంచి ఆయన ఒక లెక్క వేశాడు. జిగట అసలే లేని ద్రవం నిలకడగా పారుతోందనుకోండి. దానికి అడ్డంగా ఒక వస్తువు పెడితే దాని మీద పడే ఈడ్పు ఎంత? సున్నా! వానాకాలంలో వాగు దాటిన ఎవర్నడిగినా ఇది తప్పని చెప్తారు, కానీ గణితంలో తప్పు లేదు. జిగటని కూడా లెక్కలోకి తీసుకున్న నేవియర్-స్టోక్స్ సమీకరణాలు 1845 నాటికే ఉన్నాయి గానీ, ఏవో కొన్ని సులువైన కేసులు తప్ప వాటిని సాధించడం ఎవరివల్లా కాలేదు. అసలు చిక్కు ఇంకోటి. నీటికీ గాలికీ జిగట చాలా తక్కువ. అంత చిన్న సంఖ్యని వదిలేస్తే జవాబు ఇంత ఘోరంగా ఎందుకు తప్పుతోంది?

ప్రాంట్ల్‌కి ఈ ప్రశ్న పుస్తకంలో ఎదురవలేదు. ప్రొఫెసరు కాకముందు ఆయన న్యూరెంబర్గ్‌లో ఒక మెషీన్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. చెక్క పొట్టుని పీల్చే గొట్టాల వ్యవస్థని బాగుచెయ్యమని పని అప్పజెప్పారు. గొట్టం క్రమంగా వెడల్పయ్యే చోట గాలి నెమ్మదించి ప్రెషర్ పెరగాలి. లెక్క అలాగే చెప్పింది, గొట్టం ఒప్పుకోలేదు. గాలి గోడని వదిలేసి మధ్యలోంచి పోతోంది. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్ బగ్. వేరే ఎవరైనా అయితే పని జరిగేలా ఏదో సర్ది టికెట్ మూసేసేవారు. ఈయన ఉద్యోగం మారాక కూడా దాన్ని వదల్లేదు.

ఆయన కట్టుకున్న పరికరం చూస్తే ముచ్చటేస్తుంది. ఒక నీటి తొట్టి, చేత్తో తిప్పితే నీళ్లని తోసే చక్రం, నీటి అడుగున వస్తువులు. కదలిక కనబడ్డానికి నీళ్లలో మెరిసే సన్నటి ఖనిజపు రేకులు కలిపాడు. చక్రం తిప్పి, ఫొటోలు తీశాడు. స్థూపాకారపు వస్తువు చుట్టూ నీళ్లు కొంత దూరం బుద్ధిగా అంటుకుని వెళ్లి, ఆ తర్వాత విడిపోయి వెనకాల సుళ్లు తిరుగుతాయి. ఆ ఫొటోలతోనే చెప్పాడు: జిగట పనిచేసేది అంతటా కాదు, గోడని ఆనుకున్న పల్చటి పొరలో మాత్రమే. ఎదురు ప్రెషర్ వచ్చినప్పుడు ఆ పొరలోని మందకొడి నీళ్లు ముందుకు పోలేక ఆగి, వెనక్కి తిరిగి, మొత్తం ప్రవాహాన్నే గోడ నుంచి నెట్టేస్తాయి. ఇక్కడితో ఆగలేదు. స్థూపానికి ఒక పక్క సన్నటి చీలిక పెట్టి, ఆ మందకొడి పొరని లోపలికి పీల్చేశాడు. అటువైపు విడిపోవడం దాదాపు పోయింది! సిద్ధాంతం చెప్పి, దానికి టెస్ట్ కేసు కూడా చూపించడం అంటే ఇదే.

ఈ టాకు 1905లో మహాసభ సంపుటంలో ఎనిమిది పేజీల పేపరుగా అచ్చయింది. అంత క్లుప్తంగా ఎందుకు రాశారని సిడ్నీ గోల్డ్‌స్టీన్ తర్వాతెప్పుడో అడిగాడట. నాకిచ్చింది పది నిమిషాలు, అప్పుడు చిన్నవాణ్ణి, చెప్పడానికి టైమున్నంతే రాయాలనుకున్నాను అన్నాడట ప్రాంట్ల్. ఇంకో ఎనిమిది పేజీలు రాసుంటే చాలామందికి చాలా ఏళ్లు కలిసొచ్చేవి అని నాకనిపిస్తుంది. పేపరుని జనం వెంటనే పట్టించుకోలేదు మరి. ఆయన శిష్యుడు బ్లాసియస్ 1908లో బల్లపరుపు పలక మీద ఈ పొర లెక్కని పూర్తిగా చేసి చూపించాడు. ఆ లెక్క నిజమేనా అని సున్నితమైన తాసుతో ఆ రాపిడినే నేరుగా కొలిచి, 1951లో కాల్‌టెక్‌లో పీహెచ్‌డీ తెచ్చుకున్నాయన పేరు సతీష్ ధావన్. శ్రీహరికోట కేంద్రానికి ఇప్పుడున్నది ఆయన పేరే.

ఇది నాకెందుకు పట్టిందంటే, ఒకప్పుడు సిమ్యులేషన్ ఫలితాల్ని బొమ్మలుగా చూపించే ప్రాజెక్టులో పనిచేశాను. 1993లో కాబ్రాల్, లీడమ్ చెప్పిన లైన్ ఇంటిగ్రల్ కన్వల్యూషన్ అనే పద్ధతి వాడాం. కలగాపులగం చుక్కల్ని ప్రవాహం వెంట సాగదీస్తే, అచ్చం ప్రాంట్ల్ ఫొటోల్లోని మెరుపు చారల్లాగే వస్తాయి. డెమో అదిరింది. అందరూ బొమ్మ బావుందన్నారు. క్లయింటు వైపు పాతకాలపు ఇంజనీరు ఒకాయన మాత్రం మా గొట్టం మలుపు దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ గోడని వదలదా అండీ?" అన్నాడు.

వదలాలి. గోడ దగ్గర మెష్ ముతకగా వేశాం, ఆ పల్చటి పొర మొత్తం ఒక్క గడిలో ఇమిడిపోయింది. మెష్ సన్నం చేసి మళ్లీ రన్ చేస్తే రెండు రోజులు పట్టింది. సుడి ఆయన వేలు పెట్టిన చోటే వచ్చింది.