కామెట్ నేర్పిన పాఠం

ప్రయాణికుల గదిలో గాలి ఒత్తిడి నిలిపే తొలి వాణిజ్య విమానం బోయింగ్ 307, 1940లో సేవలోకి వచ్చింది. బ్రిటన్‌కు చెందిన డి హావిలాండ్ కామెట్ 1952 మేలో జెట్ ప్రయాణం మొదలుపెట్టి బోయింగ్ 307 కంటే చాలా ఎత్తుకు, 40,000 అడుగులకు చేరింది. ఆ ఎత్తులోనూ లోపల 8,000 అడుగుల దగ్గరి ఒత్తిడి ఉండాలి. అంటే మిల్లీమీటరు మందం కూడా లేని అల్యూమినియం రేకు చదరపు మీటరుకు 5 టన్నులకు పైగా బలాన్ని ఆపాలి.

గుండ్రని గొట్టం ఈ బలాన్ని సమంగా పంచుకుంటుంది. చిక్కంతా దానికి పెట్టిన కంతల దగ్గరే. కిటికీ మూలల్లో, రివెట్ రంధ్రాల అంచుల్లో ఒత్తిడి పోగుపడుతుంది. పైకి లేచిన ప్రతిసారీ రేకు సాగి, దిగినప్పుడు సడలి, క్రమంగా అలసి చిట్లుతుంది.

1954 జనవరిలో ఇటలీ ద్వీపం ఎల్బా దగ్గర, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర రెండు కామెట్‌లు గాలిలోనే ముక్కలయ్యాయి. మొత్తం 56 మంది చనిపోయారు. బ్రిటన్‌లోని ఫార్న్‌బరో విమాన పరిశోధన సంస్థలో ఆర్నాల్డ్ హాల్ నేతృత్వంలోని బృందం ఒక కామెట్ దేహాన్ని పెద్ద నీటి తొట్టిలో ఉంచి, లోపలికి నీరు ఎక్కించి, మళ్లీ వదులుతూ వేల ప్రయాణాలను అనుకరించింది. గాలి అయితే బాంబులా పేలేది. నీరు గాలిలా కుదించుకుపోదు కనుక చీలిక మొదలైన చోటు చెక్కుచెదరకుండా దొరుకుతుంది. అసలు ప్రయాణాలతో కలిపి 3,057 ఒత్తిడి చక్రాల తర్వాత దేహం చిట్లింది. ఎల్బా శకలాల్లో చీలిక పైకప్పు మీది రేడియో ఏరియల్ కంత మూలన కనిపించింది.

విమాన చరిత్రలో ఇంత ఓపికైన పరిశోధనలు అరుదు. ఆ పాఠంతో మందమైన రేకు, గుండ్రని కిటికీలు అమర్చిన కామెట్ 4 1958 అక్టోబరులో అట్లాంటిక్ దాటే సేవ ప్రారంభించింది.