నేపుల్స్ తిండి: ఆకుకూరల నుంచి పిజ్జా దాకా

దక్షిణ ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతానికి దగ్గరగా, సముద్రతీరాన ఉన్న నేపుల్స్ నగరాన్ని క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు వలసదారులు కట్టారు. పాతబస్తీ ప్రధాన వీధులు నేటికీ వారు వేసిన దారుల మీదే సాగుతున్నాయి. వాటిలో ఒకటైన వియా దెయి త్రిబునాలిలో ఇప్పుడు పిజ్జా దుకాణాలు కిటకిటలాడుతుంటాయి. ఆ వీధిని ఆనుకున్న సాన్ లొరెంజో మజ్జోరే చర్చి కింద తవ్వితే రోమన్ల కాలపు అంగడి బయటపడింది. ఊరు ఇంత పాతదే కానీ, దానికి పేరు తెచ్చిన వంటలు మాత్రం గత నాలుగు వందల ఏళ్లలో పుట్టినవి. వాటిలో చాలావరకు పేదల ఆకలి తీర్చడానికి పుట్టాయి.

16వ శతాబ్దంలో నేపుల్స్ వాసులకు 'ఆకులు తినేవాళ్లు' అన్న పేరుండేది. క్యాబేజీ వంటి కూరలు, కాస్త మాంసం వారి రోజువారీ తిండి. పాస్తా అప్పటికి ఖరీదైన వంటకం. 'మకరోనీ తినేవాళ్లు' అన్న పేరు సిసిలీ ప్రజలది. 1503లో మొదలైన స్పెయిన్ పాలనలో పల్లెజనం నగరానికి తరలివచ్చింది. యూరప్‌లోని అతి పెద్ద నగరాల్లో ఒకటిగా ఎదిగిన ఊరికి మాంసం, కూరలు చాలలేదు. 17వ శతాబ్దంలో పిండి పిసికే మర, దాన్ని అచ్చుల్లోంచి ఒత్తే యంత్రం వాడుకలోకి వచ్చి పాస్తా ధర దిగింది. కడుపు నింపే, ఎండబెడితే చాలాకాలం నిల్వ ఉండే ఆహారం పేదలకు అందింది. నగర చరిత్రలో ఏ రాజు మార్పు కన్నా ఇది తక్కువది కాదు. ఈ మలుపు వెనకున్న కారణాలను చరిత్రకారుడు ఎమీలియో సెరేని 1958లో విడమరిచి రాశాడు. దగ్గర్లోని గ్రాన్యానోలో పాస్తాను వీధుల్లోనే గాలికి ఆరబెట్టేవారు. నేపుల్స్ వీధుల్లో జనం తురిమిన చీజ్ చల్లిన పాస్తాను చేత్తో పైకెత్తి నోట్లోకి జార్చుకునేవారు. ఆకుకూరలూ పోలేదు. వాటిని మాంసంతో ఉడికించే మినెస్ట్రా మారితాతా నేటికీ పండుగ వంటే.

టమాటా అమెరికా ఖండాల నుంచి స్పెయిన్ మీదుగా వచ్చింది. ఆంతోనియో లాతీని 1692–94లో నేపుల్స్‌లో అచ్చువేసిన వంటల పుస్తకంలో ఉల్లి, మిరప, నూనె, వెనిగర్ కలిపిన టమాటా సాస్ కనిపిస్తుంది. అయితే అది పాస్తా కోసం చెప్పింది కాదు. ఈ రెండూ ఒకే పళ్లెంలోకి చేరడానికి ఇంకో శతాబ్దం పైనే పట్టింది. ఇప్పోలితో కావల్కాంతి పుస్తకం 1839 నాటి ముద్రణలో టమాటాలతో వెర్మిచెల్లి వండే పద్ధతి ఉంది.

పిజ్జా కూడా వీధి తిండే. 1830లలో నగరాన్ని చూసిన ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా దాన్ని పేదల చలికాలపు ఆహారంగా వర్ణించాడు. నూనె, పంది కొవ్వు, చీజ్, టమాటా, చిన్న చేపలు దాని మీద వేసేవారట. 1889లో రాణి మార్గెరీటా కోసం రఫాయేలె ఎస్పోజితో టమాటా, మొజరెల్లా, తులసి జాతికి చెందిన బేసిల్ ఆకులతో పిజ్జా చేశాడన్న కథ ప్రసిద్ధం. దాన్ని చరిత్రకారులు పూర్తిగా నమ్మరు. బేసిల్, మొజరెల్లా వేసిన పిజ్జాల ప్రస్తావన అంతకు ముందే పుస్తకాల్లో ఉంది. వలసవెళ్లినవారు పిజ్జాను న్యూయార్క్‌కు తీసుకెళ్లారు. ఇటలీలోని మిగతా ప్రాంతాల్లో అది ఇంటింటి మాటైంది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే.

అసలు పద్ధతిని కాపాడేందుకు 1984లో నేపుల్స్‌లో ఒక సంఘం ఏర్పడింది. చేత్తో సాగదీసిన పిండిని కట్టెల పొయ్యిలో 400 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఒకటి, ఒకటిన్నర నిమిషంలో కాల్చాలన్నది ఆ పద్ధతి. 2017లో యునెస్కో నేపుల్స్ పిజ్జా తయారీదారుల కళను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.